పిల్లల చేతిపని కూడా ఔట్‌సోర్సింగేనా?

ముందే చెప్పేస్తున్నాను, ఈ టపా చదివాక మీలో కొందరికి నా మీద కోపం రావచ్చు. వస్తే రానివ్వండి. కోపం తగ్గాక ఓసారి తీరిగ్గా ఆలోచించండి, నాకది చాలు.

విషయం చాలా చిన్నది. చీకట్లో మెరిసే బొమ్మలు. దీపావళికీ, కార్తీకానికీ, క్రిస్మస్‌కీ మనం పిల్లల చేత చేయించే మెరిసే నక్షత్రాలు, మెరిసే ప్రమిదలు, మెరిసే ఆకాశదీపాలూ అన్నమాట. "చేయించే" అన్నాను గానీ, "చేయించామని చెప్పుకునే" అనాలేమో. ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది.

మా అక్క కూతురు నాలుగో తరగతి. బడి పేరు ఎందుకులెండి, ఏ బడైనా ఒకటే. పండగ సెలవులకి ముందు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది. చీకట్లో మెరిసే పండగ వస్తువు ఒకటి పిల్లలు స్వయంగా చేసి తేవాలట. ఆ "స్వయంగా" అన్నమాట ఎంత నవ్వు తెప్పించిందో! అరగంటలో తల్లిదండ్రుల మెసేజీలు బారులు తీరాయి. "ఎలా చెయ్యాలి?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. "ఎక్కడ దొరుకుతుంది?", "ఆర్డరిస్తే రేపటికి వస్తుందా?", "చేసిచ్చే షాపు ఎవరికైనా తెలుసా?"... అన్నీ ఇవే. చివరికి ఎవరో పుణ్యాత్ముడు ప్రాజెక్టులు చేసిపెట్టే షాపు నంబరు పడేస్తే, దాని కింద దండాల బొమ్మలు కుప్పలు.

ఆ గ్రూపులో సగం మంది మనవాళ్ళే. ఋషికొండ కొండల మీద పనిచేసేవాళ్ళు, మధురవాడలో ఇల్లు కొనుక్కుని బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు, అమెరికా టైముకి మేలుకునేవాళ్ళు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళండీ బాబూ! ఒక అట్టముక్కకి రంగు పూయడానికి టెండరు పిలిచారు.

సెలవులయ్యాక ప్రదర్శన పెట్టారు. బహుమతి దేనికొచ్చిందో చెప్పక్కర్లేదు. పిల్లల చెయ్యి పడని వస్తువుకే. సొంతంగా చేసుకొచ్చిన ఒకడి మట్టిప్రమిద వంకరగా ఉంది, రంగు ఒకపక్కకి కారింది. అది బల్ల చివర్న, ఎవరికీ కనబడని చోట. వాడు ఆ రోజు ఇంటికి ఏం నేర్చుకుని వెళ్ళుంటాడు? చేసినవాడి కంటే కొన్నవాడిదే పైచెయ్యి అని. తొమ్మిదేళ్ళకే!

మన ఫీల్డులో దీనికి పేరుంది కదా. ప్రాక్సీ ఇంటర్వ్యూ. ఒకడి బదులు ఇంకొకడు కూర్చుని సమాధానాలు చెబుతాడు, ఉద్యోగం వీడికొస్తుంది. అలాంటివాడు దొరికితే "ఛీ, ఇలాంటివాళ్ళ వల్లే మన తెలుగువాళ్ళకి చెడ్డపేరు" అని లంచ్‌లో తెగ తిట్టుకుంటాం. మరి నాలుగో తరగతి పిల్లకి మనం ఇప్పిస్తున్న ట్రైనింగు ఏమిటి?

ఇంతకీ అది రేడియమేనా?

మన ఊళ్ళో చీకట్లో మెరిసేదానికి ఒకటే పేరు, రేడియం. ఆటో వెనక అంటించే అక్షరాలు రేడియం. పోర్టుకెళ్ళే లారీల ఎర్ర పట్టీలు రేడియం. గదిలో పైకప్పుకి అంటించే నక్షత్రాలూ రేడియమే. ఆ షాపుల బోర్డు మీద కూడా "రేడియం వర్క్స్" అనే రాసుంటుంది. మా కోడలుపిల్ల నన్నడిగింది, "మావయ్యా, రేడియం అంటే ఏంటి?" అని. కొనుక్కొచ్చిన కిట్టు ఆ ప్రశ్న అడగనివ్వదు. చేత్తో చేస్తుంటేనే అడుగుతారు.

రేడియాన్ని క్యూరీ దంపతులు కనిపెట్టింది 1898లో. తర్వాత దాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిపి గడియారాల ముళ్ళకీ అంకెలకీ పూసేవారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్ళో ఈ పనికి 1917 నుంచి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. కుంచె మొన సన్నగా రావాలంటే పెదాలతో తడిపి తిప్పమని నేర్పారు. అలా రోజుకి ఎన్నిసార్లో. ఏమీ కాదని చెప్పారు. వాళ్ళ దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, కొందరు చచ్చిపోయారు. అయిదుగురు 1927లో కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకొచ్చింది. రేడియం గర్ల్స్ అని వెతకండి, బోలెడంత సమాచారం ఉంది.

ఇప్పటి బొమ్మల్లో రేడియం లేదు, కంగారు పడకండి. ఆటో వెనక మెరిసేది అసలు సొంతంగా వెలగదు. మన బండి లైటు పడితే దాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, అంతే. పైకప్పు నక్షత్రాల సంగతి వేరు. పాతవాటిలో జింక్ సల్ఫైడ్ ఉండేది, కాసేపటికే ఆరిపోయేది. 1993లో జపాన్‌లో నెమోటో అనే కంపెనీవాళ్ళు స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పొడిలో యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాల్ని చిటికెడు కలిపి, రాత్రంతా వెలిగేలా చేశారు. ఇప్పుడు మంచి రకం మెరిసే రంగు అంటే అదే.

ఇది ఎలా పనిచేస్తుందో మనలాంటివాళ్ళకి చెప్పడం తేలిక. లైటు పడినప్పుడు ఎలక్ట్రాన్లు పైకి లేచి, కొన్ని గుంటల్లో ఇరుక్కుపోతాయి. క్యూలో ఇరుక్కున్న రిక్వెస్టుల్లా అన్నమాట. గదిలో ఉండే మామూలు వెచ్చదనమే వాటిని ఒక్కొక్కటిగా బయటికి తోస్తుంది. బయటపడ్డ ప్రతిదీ కాస్త వెలుగిచ్చి కిందికి దిగుతుంది. క్యూ ఖాళీ అయితే బొమ్మ ఆరిపోతుంది.

ఇందులో తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థంకానిది ఏముంది? పాఠంగా చెబితే నిద్రపోతుంది, నిజమే. మెరిసే బిళ్ళని ఫ్రిజ్‌లో పెట్టించండి. కాసేపటికి మసకబారుతుంది. బయటికి తీసి గుప్పెట్లో పట్టుకోమనండి, మళ్ళీ వెలుగు పెరుగుతుంది. అప్పుడు చూడాలి ఆ పిల్ల మొహం! ఇంకోటి. రంగు పూసిన అట్టలో సగానికి ఎర్ర జిలుగు కాగితం కప్పి మొబైల్ లైటు వెయ్యండి. కాగితం కింది భాగం వెలగదు. ఎందుకని అడుగుతుంది. ఎర్ర వెలుగుకి అంత బలం లేదు, నీలానికి ఉంది అని చెప్పండి. ఇదే ముక్క మనం ఇంటర్లో కార్పొరేట్ కాలేజీలో కూర్చుని బట్టీపట్టాం. చూసింది మాత్రం లేదు.

సీసాలో మిణుగురులు, చేతిలో గాజుపెంకులు

చేత్తో చేయిస్తాం అనేవాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. అంతర్జాలంలో వీడియో చూసి చేసేవాళ్ళు. గ్లో స్టిక్కుల్ని కత్తెరతో కత్తిరించి, లోపలి ద్రవాన్ని గాజుసీసాలో పోసి, మెరుపులు చల్లి ఊపితే మిణుగురులు పట్టిన సీసా తయారు. రెండు నిమిషాల వీడియో, లక్షల్లో చూసినవాళ్ళు.

దయచేసి ఈ పని చెయ్యకండి. ఆ కడ్డీ లోపల సన్నటి గాజు గొట్టం ఉంటుంది. వంచినప్పుడు టప్పుమనేది అదే. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్, బయట ఆక్సలేట్ ద్రావణం, రంగు. వీటిని కరిగించడానికి వాడేది సాధారణంగా డైబ్యూటైల్ థాలేట్. చర్మం మీద పడితే మంట, కంట్లో పడితే ఆసుపత్రి. కత్తిరిస్తే ద్రవంతోపాటు గాజుపెంకులు కూడా వస్తాయి. 2020 మేలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకయ్యాక, డబ్బా మీద ఏం రాసుందో చదవడం మన ఊరికైనా అలవాటవ్వాలి. కానీ పిల్లల బొమ్మ అనగానే చదవడం మానేస్తాం. కడ్డీని కత్తిరించకుండా అలాగే సీసాలో వేస్తే ఏ గొడవా లేదు. వెలుగు అంతే వస్తుంది.

రెండోది, బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకి అది తప్పనిసరి. పేరులేని డబ్బాలో వచ్చిన పచ్చటి పొడి, సగం ధరకే దొరుకుతోందని కొనకండి.

"మా రోజుల్లో అయితేనా..."

ఇక మూడో రకం. వీళ్ళకి ప్లాస్టిక్ నచ్చదు, మెరిసే రంగు నచ్చదు. "అదేం పండగ? మా రోజుల్లో సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను తెచ్చుకుని చిచ్చుబుడ్లు మేమే కూరుకునేవాళ్ళం, మేడమీద వారంరోజులు ఎండబెట్టేవాళ్ళం" అంటారు. వింటానికి బాగుంటుంది. ఆ పనితనం నిజమే, కొలత తెలియాలి, ఓపిక ఉండాలి. కానీ కాలినచేతుల సంగతి ఆ కథల్లో ఎందుకు రాదు?

2025 ఏప్రిల్ 13న మన పక్కనే, అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది చనిపోయారు. కూలికి మందు కూరేవాళ్ళు. నేర్చిన చేతులకే అలా అయితే, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గంధకం నూరడాన్ని సంస్కృతి అంటే నేను ఒప్పుకోను. లైసెన్సు లేకుండా మందు కూరడం చట్టప్రకారం నేరం కూడాను.

అయితే పాతరోజుల నుంచి తీసుకోవలసింది ఒకటుంది. గోగు పుల్లలకి నూనెగుడ్డ వత్తులు కట్టి దివిటీలు కొట్టడం. అందులో మందు లేదు, ఖర్చు లేదు. పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి, అంతే. వత్తి చుట్టింది పిల్లలు, కట్టింది పిల్లలు, తిప్పింది పిల్లలు. స్టీల్‌ప్లాంటులో సీ షిఫ్టు చేసొచ్చిన నాన్నలు నిద్ర కళ్ళతోనే ఆ పుల్లలు సంపాదించి తెచ్చేవారు ఉక్కునగరంలో. టైము లేదనే మాట వాళ్ళు కూడా అనొచ్చు, అనలేదు.

అమావాస్య పండక్కి చీకటేది?

దీపావళి అమావాస్యనాడు వస్తుంది. చీకటి లేకపోతే దీపానికి పనేముంది? మనకిప్పుడు ఆ చీకటే దొరకట్లేదు. 2014లో హుద్‌హుద్ తర్వాత మన వీధి దీపాలు ఎల్ఈడీలకి మారాయి. కరెంటు ఆదా అయింది, మంచిదే. కానీ ఆ తెల్లటి వెలుగు రాత్రంతా కిటికీలోంచి మంచం మీదికి వస్తుంది. దానికి తోడు ఇంట్లో రూటర్ లైటు, ఏసీ లైటు, టీవీ లైటు. ఇంక మెరిసే బొమ్మ మెరిసేదెక్కడ? కొన్న బొమ్మ రెండోరోజుకే అలమారలో పడటానికి సగం కారణం ఇదే.

మీలో వైజాగ్ వాళ్ళకి 2014 దీపావళి గుర్తుందా? అక్టోబర్ 12న తుపాను ఊరిని ఊడ్చేసింది. 23న దీపావళి. రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్ల పక్కన ఎండిన కొమ్మల గుట్టలు. నిప్పురవ్వ పడితే అంటుకుంటాయని ఆ ఏడు ఊళ్ళో టపాసులు వద్దన్నారు. బీచ్ రోడ్డులో కొవ్వొత్తులు పట్టుకుని జనం నడిచారు. నేనప్పుడు కుర్రాణ్ణి. టపాసు లేకపోతే పండగ లేదని మొహం మాడ్చుకున్నవాళ్ళే, చీకట్లో వరసగా వెలిగే దీపాలు చూసి నోరెత్తలేదు. అలాంటి చీకటి మళ్ళీ రావాలని కోరుకోను, ఆ తుపాను చేసిన నష్టం తెలిసినవాణ్ణి. కానీ ఒక గది, ఒక గంట, మన ఇష్టంతో చీకటి చేసుకోడానికి తుపాను రానక్కర్లేదు కదా!

సరే, ఏం చెయ్యమంటావ్?

తిట్టడం తేలిక, చెయ్యడం కష్టం అంటారని తెలుసు. అందుకే రాస్తున్నా.

1. కార్తీకమాసంలో సాయంత్రం చీకటి పడ్డాక తూర్పున కృత్తికలు పైకొస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఆ నెలకి పేరొచ్చింది వాటి వల్లే, పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు గనక. మనకి తూర్పున సముద్రం, అడ్డం ఏమీ ఉండదు. పిల్లల్ని భీమిలి వైపు లైట్లు తక్కువున్న చోటికి తీసుకెళ్ళి ముందు అసలువి చూపించండి. ఎన్ని కనబడ్డాయో వాళ్ళనే లెక్కపెట్టమనండి, గీసుకోమనండి.

2. ఇంటికొచ్చి నల్ల అట్ట మీద ముందు తెల్లరంగుతో చుక్కలు పెట్టించండి. తెల్లరంగు కింద ఉంటే మెరుపు రెట్టింపు కనబడుతుంది. అది ఆరాక మెరిసే రంగు, రెండు మూడు పూతలు. డబ్బా అడుగున పొడి పేరుకుంటుంది, ప్రతిసారీ కలపాలి. ఆ కలిపే పని పిల్లలదే. పొడి విడిగా కొంటే పెద్దవాళ్ళే ముక్కుకి గుడ్డ కట్టుకుని కలపాలి, పిల్లలకి కలిపిన రంగే ఇవ్వాలి. ఆ పొడికి నీళ్ళ తడి పడదు, మెల్లగా పాడవుతుంది. అందుకే బయట వేలాడదీసే వాటికి పైన వార్నిష్ పూత.

3. అదే పద్ధతిలో ఆకాశదీపం, అదే పద్ధతిలో క్రిస్మస్ నక్షత్రం. వెదురుపుల్లలు, దారం, పతంగి కాగితం. మన వీధుల్లో డిసెంబరు రాగానే ఇంటింటికీ వేలాడే నక్షత్రాన్ని పిల్లలు చేస్తే అది ఏ మతం ఇల్లు అన్నది కూడా అడ్డుకాదు.

4. మిగిలిన రంగుని ఒక పెద్ద అట్టకి నిండా పూసి గోడకి ఆనించండి. లైట్లన్నీ ఆర్పేసి, పిల్లల్ని అట్ట ముందు చేతులు పెట్టమని ఒక్కసారి ఫ్లాష్ కొట్టండి. చెయ్యి తీసేసినా నీడ అక్కడే ఉండిపోతుంది. ఇంతకంటే పెద్ద ఇంద్రజాలం నేను చూడలేదు. మొత్తం ఖర్చు ఒక రాత్రి బయట తిన్న భోజనం అంత.

5. వంకరొస్తే సరిచెయ్యకండి! ఇది అన్నిటికంటే ముఖ్యం. మనకి చెయ్యి ఊరుకోదు. పక్కవాడి కోడులో వంక కనబడగానే కీబోర్డు లాక్కునే అలవాటు మనది. ఇక్కడ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోండి.

భీమిలి ఇసుకలో నల్లగా కనబడే చారల్లో మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. రేర్ ఎర్త్ లోహాలు దొరికేది అందులోంచే. ఆ మెరిసే రంగులో చిటికెడు కలిపే యూరోపియం, డిస్ప్రోసియం కూడా అదే కుటుంబం. వాటిలో ఇంకో రకంతో అయస్కాంతాలు చేసే ప్లాంటు 2023లో మన విశాఖలోనే మొదలైంది. పిల్లకి చెప్పడానికి ఇంత కథ మన కాళ్ళకింద ఉంటే, మనం షాపు నంబరు అడుగుతున్నాం.

టైము లేదంటారా? ఉందండీ. సెలవులన్నాళ్ళలో రెండు గంటలు. రిలీజు రోజున రాత్రంతా మేలుకోగలం, క్లయింటు పిలిస్తే పండగపూటా లాగిన్ అవుతాం, సిరీస్ ఒక్క రాత్రిలో పూర్తిచేస్తాం. లేనిది టైము కాదు. పిల్ల చేసింది బాగా రాకపోతే నలుగురిలో చిన్నతనంగా ఉంటుందేమో అన్న భయం. ఆ భయం మనది, వాళ్ళది కాదు. దాన్ని వాళ్ళకి అంటించకండి.

టీచర్లకి కూడా ఒక మాట. ఈసారి ప్రదర్శనలో బహుమతి ఇచ్చేముందు పిల్లని పిలిచి ఒక్క ప్రశ్న వెయ్యండి, "ఇది ఎలా చేశావ్?" అని. చేసిన పిల్ల ఆపకుండా అయిదు నిమిషాలు చెబుతుంది, ఎక్కడ కారిందో, ఎందుకు అంటుకోలేదో, రెండోసారి ఏం మార్చిందో. కొన్న పిల్ల వాళ్ళమ్మ వైపు చూస్తుంది. ఎవరికి ఇవ్వాలో మీకే తెలిసిపోతుంది.

నేను చెప్పింది తప్పంటే కింద వ్యాఖ్యల్లో కడిగెయ్యండి. కాకపోతే ఒక షరతు. ముందు మీ ఇంట్లో పిల్లల చేత ఒక్క బొమ్మ చేయించి, లైట్లు ఆర్పి, దాన్ని చూసొచ్చి అప్పుడు రాయండి. :-)